మరైగూడ యను పేరు: క్లౌడు భాండారమున ధ్వనిముద్రణముల నామకరణము

బస్తరు దేశపు దక్షిణపుకొనయందు, తెలంగాణపు సరిహద్దు చేరువ, మరైగూడ యను గ్రామము కలదు. నేడది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి సుక్మా జిల్లాలో కొంటా తహసీలునకు చేరినది. కార్యాలయముల భాష హిందీ. ఆ ప్రాంతపు ఇండ్లలోను సంతలలోను వినబడునవి దోర్లీ, కోయ, తెలుగు. గోండీ సంబంధమైన పలుకుబడులును తెలుగును చిరకాలముగ ఒకదాని నొకటి ఒరసికొనుచు వచ్చిన ఇట్టి ఎల్లప్రాంతముల ప్రాముఖ్యము భారతీయభాషాపరిశోధకులకు విన్నవింపవలసినది కాదు. గ్రియర్సన్ నిర్వహించిన భాషాసర్వేక్షణమున ముండా, ద్రావిడభాషలకు కేటాయించిన నాలుగవ సంపుటము 1906లో వెలువడెను. ఆ సర్వేక్షణమునకు అనుబంధముగ గ్రామొఫోను పలకలపై పట్టియుంచిన భాషానమూనాలు నేడు షికాగోలోని డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ ద్వారా వినుటకు లభించుచున్నవి. గొమ్ముకోయ మాండలికమునకు స్టీఫెన్ టైలర్ రచించిన వ్యాకరణము 1969లో ప్రకటితమైనది.

ఇట్టి ప్రాంతమున సేకరించిన ధ్వనిముద్రణములను ఒక విశ్వవిద్యాలయశాఖ తన వెబ్‌సైటుద్వారా భద్రపరుపదలచినచో ఎదురగు పని యెట్టిది, అందు భాషాపండితుడు స్వయముగ తీర్పు చెప్పవలసిన భాగమెంత యనునది ఈ వ్యాసమునకు విషయము. పనిలో అధికభాగము సాంకేతికోద్యోగి చేయదగినదే. కాని ఫైలునకు పేరు పెట్టుటయందు మాత్రము అతనికి పూర్తిగ విడిచిపెట్టరాని ప్రశ్న యొకటి కలదు. దాని నుపేక్షించినచో ముద్రణము భాండారమున క్షేమముగ ఉండియు, వెదకినవానికి దొరకకపోవును. గ్రంథాలయమున తప్పుబీరువాలో చేరిన పుస్తకము పోయిన పుస్తకముతో సమానమని గ్రంథపాలకులెల్లరు నెరుగుదురు. మరైగూడ యను పేరే ఈ ప్రమాదమునకు చక్కని యుదాహరణమగుట విశేషము.

ముందుగ పరిమాణమును గూర్చి. సెకనునకు 48,000 నమూనాలు, నమూనాకు 24 బిట్లు చొప్పున ఒక్క మైకుతో పట్టిన వేవ్ ఫైలు సెకనునకు 1,44,000 బైట్ల స్థలము నాక్రమించును. గంటకు 51 కోట్ల 84 లక్షల బైట్లు; నూరు గంటలకు దాదాపు 52 గిగాబైట్లు. ఒక పల్లెలో ఒక ఋతువు పనిచేసిన బృందమునకు నూరు గంటలు పెద్దలెక్క కాదు. శాఖయొక్క సర్వరు సామాన్యముగ పాఠ్యమును, చిన్నబొమ్మలను ఉంచుటకు ఏర్పాటైన యంత్రము. దాని డిస్కు నిండుటకు కొన్ని సంవత్సరములు చాలును; అది చెడుటకు ఒక్కరాత్రి చాలును. అందువలన బరువైన ఫైళ్ళను క్లౌడు భాండారమునందును, వానిని గూర్చిన వివరములను శాఖయొక్క డేటాబేసునందును ఉంచు పద్ధతి సర్వత్ర వాడుకలోనికి వచ్చినది.

అట్టి వెబ్‌సైటులు చాలవరకు పి.హెచ్.పి. భాషలో వ్రాయబడియుండును. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసిన ఈ ప్రోగ్రామింగుభాషలోనే వికీపీడియాను నడపు మీడియావికీయు, తరగతిపాఠములకు వాడు మూడుల్‌యు, గ్రంథాలయములకును మ్యూజియములకును ఉద్దేశించిన ఒమెకాయు నిర్మితములైనవి. విశ్వవిద్యాలయశాఖలు కొత్తగ వేరొక భాషను వెదకికొనుట అరుదు. ఉన్నదానినే సవరించికొనుట మర్యాద.

క్లౌడు భాండార మనగా నేమి? అమెజాను సంస్థ 2006 మార్చిలో ఎస్-3 అను సేవను ప్రారంభించినప్పటినుండి ఈ మాటకు ఒక స్థిరమైన అర్థ మేర్పడినది. ఆ సంస్థ తన యంత్రశాలలను 2016లో ముంబయి ప్రాంతమునను, 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమునను తెరచెను. కావున ధ్వనిముద్రణములు దేశమునందే నిలువయుండునట్లు కోరుకొనుట నేడు సాధ్యము. గూగులు మున్నగు సంస్థల సేవలును స్థూలముగ ఇట్టివే. భాండారములో బకెట్టు అను పెద్దకొట్టు ఒకటి ఉండును. అందు చేర్చిన ప్రతి ఫైలునకు కీ అను నొక పేరుండును. కంప్యూటరులో వలె ఫోల్డరులోపల ఫోల్డరు అను అమరిక అందు లేదు. "బస్తరు/మరైగూడ/కథ-1" అని వ్రాసినచో అది మూడు అరలు కాదు, గీతలతో కూడిన ఒక్క పొడుగాటి పేరు. చూపుటలో మాత్రము ఫోల్డరులవలె చూపుదురు. ఈ భ్రమ పెక్కు చిక్కులకు మూలము.

ఆ చిక్కులలో నొకటి మరైగూడ చరిత్రలోనే కనబడును. 1998 వరకు ఆ ప్రాంతము బస్తరు జిల్లాలో నుండెను. తరువాత దంతెవాడ జిల్లాకు చేరెను. 2012 జనవరిలో సుక్మా జిల్లాకు చెందినది. 2000 నవంబరు 1 వరకు రాష్ట్రము మధ్యప్రదేశము. ఎల్ల కావలనున్న భద్రాచలప్రాంతమును 1959లో తూర్పుగోదావరి జిల్లానుండి ఖమ్మము జిల్లాకు మార్చిరి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడెను. కీలో జిల్లాపేరు చేర్చిన వాడు జిల్లా మారినపుడు దానిని మార్చజూచును. కాని సామాన్యమైన బకెట్లలో పేరు మార్చు క్రియయే లేదు. కొత్తపేరుతో నకలు తీసి, పాతదానిని తొలగింపవలెను. ఈలోగా పాతకీని ఉదాహరించిన వ్యాసములలోని లింకులన్నియు చెడును. మారుస్వభావము గల యే విషయమును కీలో చేర్పరాదు. ఇది మొదటి నియమము.

పి.హెచ్.పి. వెబ్‌సైటును భాండారముతో కలుపుటకు ఆయా సంస్థలే ప్రోగ్రామింగు లైబ్రరీలను ఉచితముగ నిచ్చుచున్నవి. కంపోజరు అను పనిముట్టుతో వానిని తెచ్చుకొనవచ్చును. నేరుగ ఒక సంస్థయొక్క లైబ్రరీకి కట్టుబడక, నడుమ ఫ్లైసిస్టమ్ అను మధ్యవర్తిని నిలుపుట మేలు. వెబ్‌సైటు దానితో మాటలాడును. అది ఎస్-3తోనో, శాఖలోని డిస్కుతోనో మాటలాడును. రేపు విశ్వవిద్యాలయము వేరొక సంస్థతో ఒడంబడిక చేసికొన్నను వెబ్‌సైటును తిరిగి వ్రాయనక్కరలేదు. భాండారము తెరచు రహస్యసంకేతమును ప్రోగ్రాములో వ్రాయరాదు, వెబ్‌సైటు చూపు డైరెక్టరీలోను ఉంచరాదు. సర్వరులో వేరుచోట దాచి, అక్కడనుండి చదివింపవలెను. ఇంటితాళమును గుమ్మమునకే వ్రేలాడదీయువారు తక్కువైనను, దీనిని పాటింపనివారు తక్కువ కారు.

ఫైలును పంపుటకు మార్గములు రెండు. పరిశోధకుని కంప్యూటరునుండి శాఖ సర్వరునకు, అచటినుండి భాండారమునకు పంపుట మొదటిది. సులభమే కాని ఇరుకుదారి. పి.హెచ్.పి. తనకు తానుగ అంగీకరించు ఫైలు పరిమితి 2 మెగాబైట్లు. పైన చెప్పిన లెక్కన అది పదునాలుగు సెకనుల ధ్వని. కథ చెప్పబోవు ముదుసలి గొంతు సవరించుకొనుటకే సరిపోవును. పరిమితిని పెంచవచ్చును గాని, ప్రతి ఫైలును రెండుసార్లు ప్రయాణించుట తప్పదు. రెండవ మార్గమున పి.హెచ్.పి. ఫైలును తాకనే తాకదు. ఈ కీతో, ఇంతసేపటిలోపల, ఒక ఫైలును చేర్చుకొనవచ్చునని సంతకము చేసిన చిరునామా నొకదానిని తయారుచేసి యిచ్చును. పరిశోధకుని బ్రౌజరు నేరుగ భాండారమునకు పంపును. ఎస్-3లో అట్టి సంతకము గరిష్ఠముగ ఏడు దినములు చెల్లును. కొన్ని నిమిషములు మాత్రమే ఇచ్చుట ఉచితము. ఫైలును ముక్కలుగ పంపునపుడు ముక్కముక్కకును ఒక సంతకము కావలెను.

అడవిప్రాంతములలో ఇంటర్నెట్టు తెగుచు అతుకుచు ఉండును గాన ముక్కలుగ పంపుట అవశ్యము. ఎస్-3లో చివరిది తప్ప ప్రతి ముక్కయు కనీసము 5 మెగాబైట్లు ఉండవలెను. ఒక ఫైలునకు 10,000 ముక్కలు మించరాదు. ఒక గంట ముద్రణము 99 ముక్కలగును. అరువదవ ముక్కయొద్ద సంబంధము తెగినచో అరువదవ ముక్కనుండి పంపిన చాలును. సగములో విడిచిపెట్టిన ముక్కలు మాత్రము కంటికి కనబడకయే భాండారమున నిలిచి అద్దె పెంచుచుండును. కొన్ని దినముల పిమ్మట వానిని తుడిచివేయు నియమమును బకెట్టునకు ముందే చెప్పియుంచవలెను. పంపుటకు ముందు డేటాబేసులో "రావలసియున్నది" అని వ్రాసి, చేరినపిదప పరిమాణమును చెక్‌సమ్‌ను సరిచూచి "చేరినది" అని మార్చుట సరియైన క్రమము. తలక్రిందుగ చేసినచో లేని ఫైలునకు పట్టికలో పేరుండును, లేక ఉన్న ఫైలునకు పట్టికలో చోటుండదు.

ఇంతవరకు చెప్పినది ఏ దేశమునందైన, ఏ భాషకైన నొక్కటే. ఇక పేరు.

మరైగూడ యను పేరున భాషాపండితుడు చూచునవి నాలుగు అక్షరములు: మ, రై, గూ, డ. పి.హెచ్.పి. భాషను ఆ పేరి పొడవెంత యని అడిగినచో స్ట్రెలెన్ అను ప్రమేయము 18 అని బదులు చెప్పును. అది బైట్ల లెక్క. తెలుగుసంకేతములలో ప్రతిదియు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో మూడేసి బైట్లు తీసికొనును. బహుబైటు లెక్క తెలిసిన వేరొక ప్రమేయము 6 అనును. మకారము, రేఫము, ఐత్వము, గకారము, ఊత్వము, డకారము అను ఆరు సంకేతములు. అక్షరముల లెక్క తెలిసిన మరియొక ప్రమేయము 4 అనును. మూడు సమాధానములును సత్యములే. ఎస్-3 కీకి విధించిన మేర 1,024 బైట్లు. తెలుగు సంకేతములు 341 మాత్రమే పట్టును. మీడియావికీలో ఫైలుపేరునకు మేర 240 బైట్లు, అనగా 80 తెలుగుసంకేతములు. ఆంగ్లమున పొడుగాటి వివరణాత్మకనామములు పెట్టుకొను సౌకర్యము తెలుగువారికి మూడవవంతు మాత్రమే కలదని దీని తాత్పర్యము. అదే పేరు వెబ్‌చిరునామాలో శాతపుగుర్తులతో వ్రాయబడినపుడు 18 బైట్లు 54 వ్రాతలై, చదువరికి ఏమాత్రము అర్థముగాని ముద్దగ మారును.

పొడవు చిన్నచిక్కు. అసలుచిక్కు రైకారమున కలదు. తెలుగులిపిలో ఐత్వమునకు రెండవయవములు: తలపై ఎత్వము, అడుగున ఒక చిహ్నము. 1991లో తెలుగు యూనికోడునందు చేరినప్పటినుండి ఈ ఐత్వమునకు 3144 అను సంఖ్య గల ఒకే సంకేత మున్నది. అయినను ఆ రూపము ననుసరించి, 3142 సంఖ్య గల ఎత్వమును, 3158 సంఖ్య గల అడుగుచిహ్నమును ఒకదాని వెనుక నొకటి వ్రాసినచో అదియు ఐత్వమునకు సర్వసమానమని యూనికోడు శాసించుచున్నది. ఇట్టి సమానవియోగము గల తెలుగుసంకేతము ఇదొక్కటియే; ఆ యొక్కటి మరైగూడ పేరున నున్నది. కలిపి వ్రాసిన మరైగూడకు 6 సంకేతములు, 18 బైట్లు. విడదీసి వ్రాసిన మరైగూడకు 7 సంకేతములు, 21 బైట్లు. కంటికి రెండును ఒకటే. నోటికి రెండును ఒకటే. భాండారమునకు మాత్రము వేర్వేరు.

ఇది ఊహామాత్రమైన భేదము కాదు. యాపిల్ కంప్యూటరులలో 1998నుండి చిరకాలము వాడిన హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్ అను ఫైలువ్యవస్థ పేర్లను విడదీసియే దాచెడిది. విండోస్ కంప్యూటరు టైపుచేసినదానిని అట్లే ఉంచును. కీబోర్డులు సామాన్యముగ కలిసిన ఐత్వమునే ఇచ్చును. ఒక బృందమున ఇరువురు పరిశోధకులు, ఒకరు యాపిల్ మీదను, మరియొకరు విండోస్ మీదను పనిచేసి, తమతమ ఫైళ్ళను "మరైగూడ" అను పేరుతో ప్రారంభించి పంపిరనుకొనుడు. భాండారము బైట్లనే పోల్చును గాన వానిని రెండు వర్గములుగ ఎంచును. మరైగూడతో ప్రారంభమగు ఫైళ్ళన్నిటిని చూపుమని వెబ్‌సైటు అడిగినపుడు సగమే వచ్చును. తప్పు జరిగినట్లు సూచన యేదియు రాదు. వచ్చిన సగమునే పరిశోధకుడు సర్వమని తలచి, ఆ గ్రామపు పలుకుబడిపై సిద్ధాంతము చేయును. సామగ్రి లేక పోవుటకంటె సగముసామగ్రిని సమగ్రమని నమ్ముట శాస్త్రమునకు ఎక్కువ హానికరము.

నివారణోపాయము యూనికోడులోనే కలదు. దానికి నార్మలైజేషను అని పేరు, ఏకరూపీకరణము అనవచ్చును. పి.హెచ్.పి.లో ఇంటల్ అను అనుబంధమును చేర్చినచో నార్మలైజర్ అను సాధనము లభించును. దానిని ఎన్.ఎఫ్.సి. అను రూపమునకు మార్చుమన్నచో విడివడిన ఐత్వము కలిసిన ఐత్వముగ మారును. పేరు లోనికి వచ్చుచోటను, వెదకుమాట వచ్చుచోటను, రెండుచోట్లను ఈ పని చేయవలెను. ఒకచోట చేసి మరియొకచోట మరచిన ఫలము శూన్యము.

ఇచట ఇతరభాషల పండితులు గమనింపవలసిన వింత యొకటి కలదు. ఇదే గ్రామము పేరును దేవనాగరిలో అడుగుచుక్క గల డకారముతో వ్రాసినచో ఆ యక్షరమునకును రెండు సంకేతరూపము లుండును: 2396 అను ఒకే సంకేతము, లేక 2337 సంఖ్య గల డకారమును 2364 సంఖ్య గల చుక్కయు. తెలుగున ఎన్.ఎఫ్.సి. కలుపును, హిందీ డకారమును అదే ఎన్.ఎఫ్.సి. విడదీయును! చుక్క గల ఆ యక్షరములను యూనికోడువారు కలయికనుండి మినహాయించిరి. ఒక గ్రామము, రెండు లిపులు, ఒకే సూత్రము, ఎదురుబొదురు ఫలితములు. కావున "కలిసినదే సరియైనది" అని భాషాజ్ఞానముతో ఊహించి స్వయముగ నియమము వ్రాసికొనరాదు. ప్రమాణమును యథాతథముగ వాడవలెను. బంగాళీ ఓకార ఔకారములకు, ఒడియా ఐ, ఓ, ఔలకు, తమిళ మలయాళముల ఒ, ఓ, ఔలకు, కన్నడపు ఈ, ఏ, ఐ, ఒ, ఓ గుణింతములకు ఇట్టి వియోగములే కలవు. తెలుగునకు ఒక్కటే యుండుట వలన తెలుగువారు దీనిని పట్టించుకొనుట తక్కువ. అరుదుగ వచ్చు దోషము చాలకాలము దాగియుండును.

ఈ విషయమున తెలుగువారికి అనుభవములోనున్న పెద్దయుదాహరణము వికీమీడియా. 2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియా మీడియావికీ అను పి.హెచ్.పి. ప్రోగ్రాముపై నడచుచున్నది. వ్యాసములలోని బొమ్మలును ధ్వనులును చాలవరకు కామన్స్ అను ఉమ్మడికొట్టునుండి వచ్చును. 2012నుండి ఆ ఫైళ్ళు ఓపెన్‌స్టాక్ స్విఫ్టు అను క్లౌడు భాండారములో నున్నవి. ఇది ఒక వ్యాపారసంస్థయొద్ద అద్దెకు తీసికొన్నది కాదు. వికీమీడియావారు తమ యంత్రములపై తామే నడపుకొనునది. ఫైలు నుంచు అరను నిర్ణయించుటకు మీడియావికీ ఆ ఫైలుపేరినుండి ఎం.డి.-5 అను లెక్క కట్టి, అందలి మొదటి వ్రాతలను అరకు గురుతుగ వాడును. ఒక్క బైటు భేదించినను ఆ లెక్క సమూలముగ మారును. విడిన ఐత్వముతో పేరు వచ్చినచో అది మరియొక అరలో వెదకును. అందుచేత మీడియావికీ తనలోనికి వచ్చు ప్రతి పాఠమును మొదటనే ఎన్.ఎఫ్.సి.కి మార్చును. ఈ జాగ్రత్త లోపల నుండబట్టియే తెలుగు వికీపీడియనులు దాని నెరుగక నిశ్చింతగ నున్నారు.

అయితే ఏకరూపీకరణము అన్నిటికి మందు కాదు. "ఛత్తీస్‌గఢ్" అని వ్రాయునపుడు సకారపు పొల్లునకు గకారమునకు నడుమ, సంయుక్తాక్షరము కాకుండుటకై, కంటికి కనబడని ఒక సంకేతమును పెట్టుదురు. దాని సంఖ్య 8204. కొందరు పెట్టరు. ఎన్.ఎఫ్.సి. దానిని ముట్టదు, ముట్టుటయు తగదు, లిపిలో అది భేదమును చూపునది గాన. ఇక ఫైలుపేర్లను "శుద్ధి" చేయుటకు పలువురు ప్రోగ్రాము వ్రాయువారు వాడు సులభసూత్ర మొకటి కలదు: రోమనులిపియు, అంకెలు, చుక్క, అడ్డగీత తప్ప తక్కినదానినెల్ల తుడిచివేయుట. ఆ శుద్ధిలో "మరైగూడ-1" అను పేరు "-1" అగును. "కొంట-1" అనునదియు "-1" అగును. రెండవది మొదటిదానిపై చేరి దానిని తుడిచివేయును. భద్రతకై చేసిన పని నాశనహేతువగుట యన్న నిదియే.

ఇచట ప్రాచీనగ్రంథపరిష్కర్తలకు తెలిసిన వివేకము అక్కరకు వచ్చును. ప్రతులను పోల్చునపుడు లేఖకుని చేతివ్రాతభేదమును పాఠభేదముగ ఎవ్వరు నెంచరు. నిజమైన పాఠభేదమును వ్రాతభేదమని త్రోసివేయరు. కలిసిన ఐత్వము, విడిన ఐత్వము అను భేదము మొదటిజాతిది. అందు భాషావిషయ మేమియు లేదు గాన యంత్రము దానిని నిస్సంకోచముగ తుడిచివేయవచ్చును. "మరైగూడ", "మరయిగూడ", "మరైగూడెము" అను భేదము రెండవజాతిది. ఐకారమునకు అయి యనునది వికల్పముగ వచ్చుట, గూడ గూడెము అను రూపముల వ్యాప్తి, వక్త పలికినతీరు – ఇవి పరిశోధకునికి సామగ్రి. వానిని ఒకటిగ చేయు అధికారము యంత్రమునకు లేదు. దేవనాగరినుండి తెలుగునకు మార్చుకొన్న రూపమును అసలు తెలుగురూపముగ భ్రమించుటయు కూడదు. డేటాబేసులో వక్త పలికిన రూపమునకు ఒక గడి, కార్యాలయపు రూపమునకు ఒక గడి, వెదకుటకు ఉమ్మడిరూపమునకు ఒక గడి వేర్వేరుగ నుండవలెను.

అప్పుడు కీ యెట్లుండవలెను? దీనికి సమాధానము కంప్యూటరు పుట్టకమున్నే మదరాసు ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమున దొరకును. సి.పి. బ్రౌను సేకరించిన ప్రతులను కూడ గర్భమున నుంచుకొన్న ఆ భాండాగారమున తాళపత్రప్రతులకు డి. సంఖ్య, ఆర్. సంఖ్య అని క్రమసంఖ్యలు కలవు. గ్రంథనామమును గూర్చి, కర్తను గూర్చి పండితులు ఎంత వివాదపడినను ఆ సంఖ్య చలింపదు. గ్రంథము పేరు తప్పని తేలినచో కేటలాగులో దిద్దుదురు. తాటాకుకట్టను అరనుండి కదలింపరు. కీయు నట్టిదిగనే యుండవలెను. అర్థములేని క్రమసంఖ్యయో, యాదృచ్ఛికముగ పుట్టించిన గురుతో రోమనులిపిలో కీగ నుంచి, తెలుగు, కోయ, హిందీ నామములన్నిటిని డేటాబేసునకు అప్పగింపవలెను. కీలో తెలుగు వాడకుండుట తెలుగునకు చిన్నతనమని కొందరు భావింపవచ్చును. అట్లు కాదు. కీ యంత్రమునకు ఇచ్చు చీటీ, పేరు మనుష్యులది.

అయినను ముద్రణమును దింపుకొనువానికి అంకెలపేరు గల ఫైలు చేరుట మర్యాద కాదు. దింపుకొనుటకై పి.హెచ్.పి. సంతకము చేయు చిరునామాలోనే, బ్రౌజరు ఈ ఫైలును ఫలానా తెలుగుపేరుతో భద్రపరుపవలెనని చెప్పు ఏర్పాటు కలదు. ఆ పేరు యు.టి.ఎఫ్.-8లో నున్నదని స్పష్టముగ తెలుపవలెను. ఫైలుతోపాటు భాండారముననే కొన్ని వివరములు జతపరచు సౌకర్యము కూడ కలదు గాని, ఎస్-3లో అవి 2 కిలోబైట్లకు మించరాదు, ఆస్కీ వ్రాతలోనే పంపవలెను. తెలుగుమాటలను నేరుగ అందు వ్రాసిన చెడిపోవును. వివరములకు దానిని నమ్మరాదు. ప్రతి ముద్రణమునకు సమస్తవివరములు గల చిన్న పాఠ్యఫైలును అదే క్రమసంఖ్యతో ప్రక్కన ఉంచినచో, డేటాబేసు నశించిన నాడు అదియే కేటలాగగును.

నష్టమును గూర్చి రెండుమాటలు. ఎస్-3 పదునొకండు తొమ్మిదుల మన్నికకై, అనగా 99.999999999 శాతమునకై, రూపొందింపబడినదని ఆ సంస్థవారి ప్రకటన. అది డిస్కులు చెడుటను గూర్చిన మాట. ఉద్యోగి పొరపాటున తుడిచినను, అద్దె చెల్లింపక ఖాతా మూతపడినను ఆ తొమ్మిదులు రక్షింపవు. పాతరూపములను కూడ నిలుపు వెర్షనింగు ఏర్పాటును బకెట్టునకు చేయించుటయు, వేరొకచోట రెండవప్రతి నుంచుటయు తప్పనిసరి. మూలమైన వేవ్ ఫైళ్ళను చౌకయైన గాఢనిక్షేపశ్రేణిలో నుంచి, వినుటకు చిన్నవైన ఎం.పి.-3 ప్రతులను సిద్ధశ్రేణిలో నుంచవచ్చును. గాఢశ్రేణినుండి తిరిగి తెచ్చుటకు మామూలుగ 12 గంటలవరకు పట్టును. పరిశోధకులు అంత ఓర్పు గలవారే. చేర్చుటకంటె బయటకు తెచ్చుటకు రుసుము ఎక్కువ యను సంగతి మాత్రము ఒడంబడికకు ముందే లెక్కలవారికి తెలుపవలెను.

వక్తల హక్కు వేరొక వ్యాసమునకు తగిన విషయము. భాండారమునకు సంబంధించినంతవరకు ఒకమాట అవశ్యము. 2023 ఏప్రిలునుండి ఎస్-3లో కొత్తబకెట్లు పుట్టుకతోనే మూసియుండును. వానిని లోకమునకు తెరచుట ఉద్దేశపూర్వకముగ చేయవలసిన పని. తెరచినచో కీ తెలిసిన ఎవ్వడైన వినగలడు. తన పాటను విశ్వవిద్యాలయమున వినవచ్చునని అనుమతి యిచ్చిన స్త్రీ, దానిని సర్వజగత్తునకు అనుమతించినట్లు కాదు. బకెట్టును మూసియుంచి, అనుమతిని డేటాబేసులో చూచి, కొద్దిసేపు చెల్లు సంతకముతో మాత్రమే వినిపించుట పి.హెచ్.పి.కి అయిదారు పంక్తుల పని. ఆమె అనుమతిని ఉపసంహరించుకొన్నచో, వెర్షనింగు గల బకెట్టులో తుడుచుట ఒకసారితో ముగియదని గుర్తింపవలెను. పాతరూపములను కూడ పేరుపేరున తొలగింపవలెను, రెండవప్రతిని కూడ.

ఏర్పాటు సరిగ నున్నదో లేదో చూచుటకు పెద్దపరీక్ష అక్కరలేదు. ఇంటల్ అనుబంధము గల పి.హెచ్.పి.తో ఒకే మాటను రెండురూపములుగ పుట్టించవచ్చును: ఎన్.ఎఫ్.సి.లో మరైగూడ, ఎన్.ఎఫ్.డి.లో మరైగూడ. ఒక్కొక్కపేరుతో ఒక్కొక్క చిన్నఫైలును వెబ్‌సైటుద్వారా పంపవలెను. పిదప కీబోర్డుమీద ఆ పేరును టైపుచేసి వెదకవలెను. రెండు ఫైళ్ళును కనబడవలెను. రెండింటికి కీలు వేర్వేరుగ నుండవలెను. దింపుకొన్నపుడు రెండుపేర్ల పొడవును 18 బైట్లుగ రావలెను. ఇదే పరీక్షను ఓకారముతో ఒడియాలోను చేయవలెను; హిందీలో చుక్క గల డకారమునకు ఎన్.ఎఫ్.సి., ఎన్.ఎఫ్.డి. రెండును విడిన రూపమునే ఇచ్చును గాన, అచట 2396 సంకేతముతో ఒక పేరును, 2337, 2364 సంకేతములతో మరియొక పేరును నేరుగ వ్రాసి పరీక్షింపవలెను. ఒక్క ఫైలే కనబడినచో, నూరు గంటల ధ్వనిని చేర్చుటకు పూర్వమే సాంకేతికోద్యోగిని పిలిపింపవలెను.